ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్, రైటింగ్: అనంతపురంలో ఉండి ఎలా సిద్ధం కావాలి

మీ చేతిలో రెండున్నర, మూడు నెలల సమయం ఉందనుకుని ఇది రాస్తున్నాను. అనంతపురంలోనో, పక్కన కర్నూలు, కడప, శ్రీ సత్యసాయి జిల్లాల్లోనో చదువుకుని, విదేశీ విశ్వవిద్యాలయానికో ఉద్యోగానికో ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్ష రాయబోతున్నవారి కోసం ఇది. లిజనింగ్, రీడింగ్ జోలికి ఇక్కడ పోవడం లేదు. వాటికి సరైన జవాబులు ఉంటాయి కాబట్టి నమూనా పేపర్లు చేస్తూ పోతే మీ స్థాయి మీకే తెలిసిపోతుంది. మన పిల్లలు ఆగిపోయేది స్పీకింగ్ దగ్గర, అంతకన్నా ఎక్కువగా రైటింగ్ దగ్గర.

ఒక లెక్క చూడండి. లిజనింగ్‌లో 7, రీడింగ్‌లో 6.5, స్పీకింగ్‌లో 6, రైటింగ్‌లో 5.5 వచ్చాయనుకుందాం. సగటు 6.25. పావును అరకు పెంచుతారు కాబట్టి మొత్తం బ్యాండ్, అంటే స్కోరు, 6.5 అవుతుంది. ఇంట్లో అందరూ సంతోషిస్తారు. కానీ బ్రిటన్‌లోని చాలా విశ్వవిద్యాలయాలు పీజీ కోర్సులకు మొత్తం 6.5తో పాటు ఏ విభాగంలోనూ 6కు తగ్గకూడదని అడుగుతాయి. ఆ ఒక్క 5.5 దగ్గరే దరఖాస్తు ఆగిపోతుంది. అందుకే మీరు చేరదలచిన కోర్సు వెబ్‌సైటులో మొత్తం బ్యాండుతో పాటు ఒక్కో విభాగానికి ఎంత కావాలో ఈరోజే చూసి కాగితం మీద రాసి పెట్టుకోండి. తయారీ అక్కడి నుంచే మొదలవుతుంది.

ఇన్నేళ్లుగా పిల్లల వ్యాసాలు దిద్దుతూ నేను గమనించిన విషయం ఒకటుంది. తక్కువ బ్యాండ్ వచ్చేవారిలో చాలామందికి ఇంగ్లిష్ రాక కాదు, తమది అనదగ్గ విషయం ఏదీ సిద్ధంగా పెట్టుకోకపోవడం వల్ల తక్కువ వస్తుంది. ఎవరో రాసిచ్చిన వ్యాసాలు, ఎవరో తయారుచేసిన జవాబులు కంఠస్థం చేసి వెళ్తారు. పరీక్షకులకు కంఠపాఠాన్ని గుర్తుపట్టే శిక్షణ ఉంటుంది, దానికి మార్కులు వేయరు. మీ ఊరు, మీ ఇల్లు, మీరు కళ్లారా చూసినవి చాలు. వాటిని ఇంగ్లిష్‌లో విడమరచి చెప్పగలగడమే మీరు అలవాటు చేసుకోవలసింది.

మొదట: ఒక వ్యాసం, ఒక రికార్డింగు

కోచింగ్‌లో చేరాలా వద్దా అని ఆలోచించే ముందే ఈ రెండూ చేయండి. ఒక టాస్క్ 2 ప్రశ్న, అంటే రైటింగ్‌లో వ్యాసం రాయమనే ప్రశ్న తీసుకుని, నిఘంటువు ముట్టకుండా, 40 నిమిషాలు గడియారం పెట్టుకుని రాయండి. తర్వాత ఫోనులో రికార్డర్ తెరిచి మీ ఊరి గురించి రెండు నిమిషాలు మాట్లాడండి. రెండింటి మీదా తేదీ వేసి దాచండి.

మరునాడు ఆ రికార్డింగు వింటూ మీరు అన్న ప్రతి మాటనూ కాగితం మీద రాయండి. తడబడిన చోట్లు, ఆగిన చోట్లు, మళ్లీ మొదలుపెట్టిన వాక్యాలు, అన్నీ ఉన్నదున్నట్టు దిగాలి. కాస్త కష్టంగానే ఉంటుంది. అయినా ఇంతకు మించిన సాధన నాకు తెలియదు. వినేటప్పుడు జారిపోయే తప్పులు కాగితం మీద కనబడతాయి. వారానికి ఒకసారి ఈ పని మానకుండా చేయండి.

మార్కులు ఎలా వేస్తారు

స్పీకింగ్‌లో నాలుగు విషయాలు చూస్తారు: ధారాళత, మాటల మధ్య పొందిక ఒకటి, పదసంపద రెండు, వ్యాకరణం మూడు, ఉచ్చారణ నాలుగు. నాలుగింటికీ సమాన విలువ. రైటింగ్‌లోనూ నాలుగే. అక్కడ ఉచ్చారణకు బదులు, అడిగినదానికి పూర్తిగా జవాబిచ్చారా లేదా అన్నది చూస్తారు. రైటింగ్‌లో టాస్క్ 2కు టాస్క్ 1 కన్నా రెట్టింపు బరువు ఉంటుంది.

వీటిలో మీ అభిప్రాయం మంచిదా కాదా అన్న కొలత లేదు. బ్రిటిష్ యాస ఉందా అన్న కొలతా లేదు. తెలుగు యాస వినిపించినంత మాత్రాన బ్యాండ్ తగ్గదు. మీ మాట ఎదుటివారికి శ్రమ లేకుండా అర్థం కావాలి, అంతే. యాస మార్చుకోవడానికి నెలలు వృథా చేసుకున్నవారిని చూశాను కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

ఉచ్చారణలో మనం సరిచేసుకోవలసినవి

యాస వేరు, అర్థం కాకపోవడం వేరు. తెలుగువారి నోట ఇంగ్లిష్ అర్థం కాకుండా పోయే చోట్లు కొన్నే ఉన్నాయి. వాటి మీద రోజుకు పది నిమిషాలు పెడితే చాలు.

మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. ఆ అలవాటుతో ఇంగ్లిష్ మాటల చివర కూడా చిన్న ‘ఉ’ చేరుస్తాం. బుక్ ‘బుక్కు’ అవుతుంది, రోడ్ ‘రోడ్డు’ అవుతుంది. తెలుగులో మాట్లాడేటప్పుడు అదే సరి. పరీక్ష గదిలో మాత్రం హల్లు దగ్గరే ఆగాలి. రెండోది, మాట మొదట్లో ‘ఎ’ వస్తే ముందు ‘య’ చేర్చడం, ‘ఒ’ వస్తే ‘వ’ చేర్చడం. ఎగ్ ‘యెగ్’ అవుతుంది, ఓన్లీ ‘వోన్లీ’ అవుతుంది. మూడోది, జీరో, ఈజీ, బిజీ వంటి మాటల్లోని ‘జ’. జొన్నలు అన్నప్పుడు వచ్చే ‘జ’ దీనికి దగ్గరగా ఉంటుంది. అలాగే అంటూ నాలుకను పళ్లకు పూర్తిగా ఆనించకుండా గాలి వదిలితే సరైన ధ్వని వస్తుంది. ‘ఫ’ కోసం పై పళ్లు కింది పెదవికి తగలాలి.

భూతకాలపు క్రియల చివర కూడా మనం తడబడతాం. వర్క్, ఆస్క్, స్టాప్ వంటి వాటికి ‘ఎడ్’ అని పూర్తిగా పలుకుతాం. ఆ మాటల చివర ‘ట్’ ధ్వని మాత్రమే రావాలి: వర్క్‌ట్, ఆస్క్‌ట్, స్టాప్ట్. ఇక మనం అన్ని అక్షరాలనూ సమానంగా పలుకుతాం కదా, ఇంగ్లిష్‌లో ఒక అక్షరం మీద బలం పడి మిగిలినవి తేలిపోతాయి. వెజిటబుల్ నాలుగు ముక్కలుగా కాకుండా ‘వెజ్‌టబుల్’ అని మూడు ముక్కలుగా వినిపిస్తుంది. నిఘంటువు యాప్‌లో మాట వినిపించే సదుపాయం ఉంటుంది. మీరు రోజూ వాడే మాటలనే, మీ చదువుకు, వృత్తికి సంబంధించినవాటినే అక్కడ విని పలకండి. అరుదైన మాటలతో పని లేదు.

మాట్లాడే వేగం

చాలామంది ముందు తెలుగు వాక్యం కట్టి, తర్వాత దాన్ని ఇంగ్లిష్‌లోకి మారుస్తారు. తెలుగులో క్రియ చివర వస్తుంది, ఇంగ్లిష్‌లో కర్త వెంటనే వస్తుంది. ఆ తిప్పడంలోనే నోరు ఆగిపోతుంది. దీనికి ఒక సాధన చెబుతాను. అనంతపురం నుంచి ధర్మవరమో గుంతకల్లో వెళ్తూ కిటికీ పక్కన కూర్చున్నప్పుడు కనబడిన ప్రతిదానికీ ఒక చిన్న ఇంగ్లిష్ వాక్యం మనసులో చెప్పండి. ఎవరు, ఏం చేస్తున్నారు, అంతే. ఒక రైతు డ్రిప్ పైపు చుడుతున్నాడు. ఇద్దరు పిల్లలు బస్సు కోసం నిలబడ్డారు. మొదటి వారం ఇలా పొడి వాక్యాలే చాలు. రెండో వారం ప్రతి వాక్యానికి ‘ఎందుకంటే’ చేర్చండి. మూడో వారం ‘అయితే’, ‘ఒకవేళ’ చేర్చండి. సంక్లిష్ట వాక్యాలు ఇలాగే నోటికి వస్తాయి, వ్యాకరణం మార్కులూ ఇక్కడే పెరుగుతాయి.

తోడు దొరికితే మరీ మంచిది. జేఎన్‌టీయూలోనో ఎస్‌కే విశ్వవిద్యాలయంలోనో చదువుతున్నవారికి ఇదే పరీక్ష రాసే స్నేహితుడు ఒకరైనా ఉంటారు. రోజూ సాయంత్రం ఇరవై నిమిషాలు ఒకరు పరీక్షకుడిగా, ఒకరు అభ్యర్థిగా కూర్చోండి. మధ్యలో తప్పులు దిద్దవద్దు, అయిపోయాక రెండే రెండు తప్పులు చెప్పండి. ప్రతి మాటకూ అడ్డుపడే స్నేహితుడి ముందు ఎవరికీ నోరు పెగలదు.

స్పీకింగ్ మూడు భాగాలు

మొత్తం పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు. ఎదురుగా కూర్చునో, కేంద్రంలో వీడియో కాల్ ద్వారానో, మాట్లాడేది మాత్రం మనిషే.

పార్ట్ 1లో ఊరు, ఇల్లు, చదువు, అలవాట్లు అడుగుతారు. ఒక్కో జవాబుకు రెండు మూడు వాక్యాలు చాలు. ‘అవును’ అని ఆగకూడదు, ఉపన్యాసమూ ఇవ్వకూడదు.

పార్ట్ 2 దగ్గర ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. ఒక కార్డు ఇస్తారు, దాని మీద అంశం, కొన్ని సూచనలు ఉంటాయి. ఒక నిమిషం ఆలోచించుకోవచ్చు, కాగితం మీద రాసుకోవచ్చు. తర్వాత ఒకటి నుంచి రెండు నిమిషాలు ఆగకుండా మాట్లాడాలి. మన పిల్లలకు నలభై సెకన్లకే మాటలు అయిపోతాయి. కారణం, వందల కార్డులకు వందల జవాబులు సిద్ధం చేయబోయి ఏదీ లోతుగా తెలియకుండా ఉండిపోవడం.

దీనికి బదులు మీ జీవితం నుంచి ఎనిమిదో పదో అనుభవాలు ఎంచుకోండి. ఉదాహరణకు మీరు కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను చూశారనుకుందాం. దాదాపు 5 ఎకరాల్లో ఊడలు దిగి అడవిలా కనబడే ఒకే ఒక్క చెట్టు అది. 1989లో గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. ఆ ప్రయాణం ఒక్కటి మీ దగ్గర వివరంగా ఉంటే చూసిన ప్రదేశం, గుర్తుండిపోయిన ప్రయాణం, మిమ్మల్ని ఆశ్చర్యపరచిన విషయం, కుటుంబంతో గడిపిన రోజు, కాపాడుకోవలసిన ప్రకృతి సంపద, అన్నింటికీ అదే పనికొస్తుంది. మొదలు, ముగింపు మారతాయి, నడుమ సరుకు మీదే. లేపాక్షిలో వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసిన రోజు, వేరుశనగ కోతల్లో అవ్వతో కలిసి కాయలు కొట్టిన సెలవులు, అక్క పెళ్లికి ధర్మవరంలో పట్టుచీర ఎంచిన మధ్యాహ్నం, ఇవన్నీ ఇలాంటి సరుకే. ప్రతి అనుభవానికీ ఏం కనబడింది, ఏం వినబడింది, ఎవరు ఏమన్నారు, మీకు ఏమనిపించింది అని నాలుగు పంక్తులు రాసుకోండి. పూర్తి వాక్యాలు మాత్రం రాయవద్దు. రాస్తే కంఠస్థం చేయాలనిపిస్తుంది.

ఇందులో ఇంకొక లాభం ఉంది. పరీక్షకులకు ఉగ్గాని అంటే తెలియదు, రాగి సంగటి అంటే తెలియదు. ‘ఉగ్గాని’ అన్న వెంటనే, నానబెట్టిన బొరుగులతో తాలింపు వేసి చేసే టిఫిన్ అని ఇంగ్లిష్‌లో ఒక్క ముక్కలో చెప్పాలి. తెలియనివారికి తేలిక మాటల్లో విడమరచడం పదసంపద కింద లెక్కకు వచ్చే నేర్పు. మీ వంటింట్లోని పది వస్తువుల పేర్లు తీసుకుని ఒక్కొక్కటీ విదేశీయుడికి చెబుతున్నట్టు సాధన చేయండి.

పార్ట్ 3లో ప్రశ్నలు మీ జీవితం దాటి సమాజం మీదకు వెళ్తాయి. ఇక్కడ ‘నేను’ తగ్గించి ‘మనుషులు’, ‘ప్రభుత్వాలు’, ‘పల్లెలు’, ‘నగరాలు’ అనాలి. అభిప్రాయం చెప్పి, కారణం చెప్పి, ఒక పోలిక తీసుకురండి: అప్పటికీ ఇప్పటికీ, పల్లెకూ నగరానికీ, పెద్దలకూ యువతకూ. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమనండి. అందులో తప్పేమీ లేదు. అర్థం కాకుండా ఏదో ఒకటి చెప్పడమే నష్టం.

రైటింగ్ టాస్క్ 1కు దినపత్రిక చాలు

పై చదువులకు వెళ్లేవారు రాసే అకడమిక్ పరీక్షలో గ్రాఫో, పట్టికో, మ్యాపో, ఒక ప్రక్రియ బొమ్మో ఇచ్చి కనీసం 150 పదాల్లో వివరించమంటారు. 20 నిమిషాలు కేటాయించుకోవాలి. ఇక్కడ మీ అభిప్రాయం, మీరు ఊహించిన కారణాలు రాయకూడదు. బొమ్మలో కనబడినదే రాయాలి. అన్నిటికన్నా ముఖ్యం ఓవర్‌వ్యూ. అంటే అంకెలు లేకుండా, మొత్తం మీద ఏం జరిగిందో రెండు వాక్యాల్లో చెప్పడం. అది లేకపోతే ఎంత చక్కగా అంకెలు పేర్చినా బ్యాండ్ పైకి వెళ్లదు.

సాధనకు పుస్తకాలు అయిపోయాయని దిగులు పడవద్దు. వానాకాలంలో మన పత్రికల్లో రోజూ జలాశయాల వివరాలు వస్తాయి. తుంగభద్ర పూర్తి మట్టం 1,633 అడుగులు, శ్రీశైలం 885 అడుగులు. ఆరోజు మట్టం, నిల్వ, ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో పక్కనే ఉంటాయి. పది రోజుల అంకెలు రాసుకుని మీరే గ్రాఫ్ గీయండి. ఏది వేగంగా పెరిగింది, ఏది నిలకడగా ఉంది, రెండింటి మధ్య తేడా ఎప్పుడు తగ్గింది, ఇవే టాస్క్ 1 అడిగే విషయాలు. మీకు నిజంగా పట్టింపు ఉన్న అంకెలు కాబట్టి మాటలు కూడా త్వరగా నిలుస్తాయి.

ప్రక్రియ బొమ్మలకు హంద్రీ-నీవా తీసుకోండి. శ్రీశైలం వెనుక జలాలను మాల్యాల వద్ద ఎత్తిపోసి, కాలువలు, పంపుహౌసుల మీదుగా జీడిపల్లి జలాశయానికి తెస్తారు. నీటిని ఎవరు ఎత్తిపోశారన్నది ఇక్కడ అనవసరం. కాబట్టి వాక్యాలన్నీ కర్మణి ప్రయోగంలో, ‘వాటర్ ఈజ్ లిఫ్టెడ్’ అన్న తీరులో సాగాలి. తెలుగులో మనం ఈ ప్రయోగం అరుదుగా వాడతాం, అందుకే ప్రత్యేకంగా సాధన కావాలి. మ్యాపులకు పెనుకొండ పరిసరాలు తీసుకోండి. 2019లో అక్కడ కియా కార్ల ఉత్పత్తి మొదలవడానికి ముందు, ఆ తర్వాత అని రెండు బొమ్మలు గీసి మార్పులు రాయండి.

ఉద్యోగానికో వలసకో జనరల్ ట్రైనింగ్ అనే రెండో రకం పరీక్ష రాసేవారికి టాస్క్ 1లో ఉత్తరం వస్తుంది. ఇచ్చిన మూడు సూచనలనూ వదలకుండా రాయాలి, స్నేహితుడికి రాసే ధోరణి అధికారికి రాసే ఉత్తరంలో కనబడకూడదు. ఇంతకుమించి భయపడవలసింది లేదు.

టాస్క్ 2: కనీసం 250 పదాలు, 40 నిమిషాలు

మొదటి ఐదు నిమిషాలు కలం కదపవద్దు, కీబోర్డూ ముట్టవద్దు. ప్రశ్నలో ఎన్ని భాగాలున్నాయో గీత గీసి చూడండి. రెండు వాదాలూ చర్చించి మీ అభిప్రాయం చెప్పమంటే అవి మూడు పనులు. రెండే చేస్తే మార్కులు అక్కడే పోతాయి.

తర్వాత నాలుగు పేరాలు. మొదటిదానిలో ప్రశ్నను మీ మాటల్లో చెప్పి మీ వైఖరి స్పష్టం చేయండి. నడిమి రెండింటిలో ఒక్కోదానికి ఒకే ఆలోచన. చివర రెండు వాక్యాల ముగింపు. ఈ ఎముకల గూడు అందరికీ తెలుసు. బ్యాండ్ నిర్ణయమయ్యేది నడిమి పేరాల్లో.

పరిశ్రమలు పల్లెలకు రావాలా, పల్లె జనం నగరాలకు వెళ్లాలా అన్న ప్రశ్న వచ్చిందనుకుందాం. ఎక్కువమంది రాసేది ఇలా ఉంటుంది: పరిశ్రమలు వస్తే ఉపాధి వస్తుంది, ఆర్థిక వ్యవస్థ పెరుగుతుంది, ప్రజలు సంతోషంగా ఉంటారు. మూడు వాక్యాలు, మూడు వేర్వేరు విషయాలు, ఏదీ తేలలేదు. దానికి బదులు ఉపాధి ఒక్కదాన్నే పట్టుకోండి. వాన మీద ఆధారపడిన జిల్లాలో వేరుశనగ పంట పోయిన ఏడాది కూలీలు ఇల్లు తాళం వేసి బెంగళూరు వెళ్తారు. అప్పుడు పిల్లల చదువు ఏమవుతుంది? ఊళ్లో మిగిలిన ముసలివాళ్లను ఎవరు చూస్తారు? అదే దగ్గర్లో పరిశ్రమ ఉంటే ఇంట్లో ఒకరు పనికి వెళ్లి సాయంత్రానికి తిరిగి వస్తారు, మిగిలినవారు పొలం వదలనక్కరలేదు. ఒక్క ఆలోచన, దాని కారణం, దాని ఫలితం, మీరు చూసిన ఉదాహరణ. ఏదో విదేశీ విశ్వవిద్యాలయం సర్వే అంటూ లేని అంకెలు కల్పించి రాయమని కొందరు నేర్పుతారు. దయచేసి ఆ దారి పట్టవద్దు. అది అబద్ధం, పైగా దానివల్ల ఒరిగేదీ లేదు. నిజం చెప్పడానికి మీ దగ్గర కావలసినంత ఉంది.

దిద్దుకోవడం

రోజుకొక వ్యాసం రాసి పక్కన పడేసేవారికన్నా వారానికి రెండు రాసి, దిద్దించుకుని, మళ్లీ తిరగరాసేవారే ముందుకు పోతారు. మీ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పే అధ్యాపకులను గౌరవంగా అడగండి. వారానికి ఒక వ్యాసం చూడటానికి చాలామంది ఒప్పుకుంటారు. ‘సార్, తప్పులు సరిచేయకండి, కింద గీత మాత్రం పెట్టండి’ అని చెప్పండి. సరిచేసే పని మీది.

గీతలు ఎక్కువగా పడేది ఆర్టికల్స్ దగ్గర. తెలుగులో అవి లేవు కాబట్టి ఎక్కడ పెట్టాలో మన చెవికి తట్టదు. ఒక్క సూత్రం పాటించండి: లెక్కపెట్టదగిన వస్తువు ఒక్కటే అయినప్పుడు దాని పేరు ఇంగ్లిష్‌లో ఒంటరిగా నిలబడదు. ముందు ‘ఎ’ గానీ, ‘ద’ గానీ, ‘మై’ లాంటిది గానీ ఉండాలి. వ్యాసం అయ్యాక నామవాచకాలన్నీ ఒకసారి ఈ కంటితో చూస్తే సగం తప్పులు దొరుకుతాయి. మిగిలినవి మనందరికీ తెలిసినవే: ‘డిస్కస్’ తర్వాత ‘ఎబౌట్’ చేర్చడం, ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’ అని ఏకవచనం వాడటం, ‘ఇన్ఫర్మేషన్’కు బహువచనం పెట్టడం, ఉన్నాయని చెప్పడానికి ‘ఐ యామ్ హావింగ్’ అనడం, ‘ఫర్’ రావలసిన చోట ‘సిన్స్’ వాడటం. ఒక నోటు పుస్తకంలో మీ తప్పులు మాత్రమే రాసుకోండి. ఇతరుల జాబితాలు మీకు అక్కరలేదు.

పరీక్ష దగ్గరపడ్డాక

కంప్యూటర్ మీద రాసేవారు చివరి నెలంతా టైపు చేసే సాధన చేయాలి. అక్కడ పదాల సంఖ్య తెర మీద కనబడుతుంది గానీ అక్షరదోషాలు చూపించే సదుపాయం ఉండదు. ఇంట్లో కూడా ఆ సదుపాయం ఆపేసి రాయండి. స్పెల్లింగ్ బ్రిటిష్ అయినా అమెరికన్ అయినా ఫరవాలేదు, ఒకే వ్యాసంలో రెండూ కలపవద్దు. చివరి నాలుగు నిమిషాలు కొత్త వాక్యం రాయకుండా దిద్దుకోవడానికే ఉంచండి: ముందు ఆర్టికల్స్, తర్వాత క్రియలు, ఆ తర్వాత స్పెల్లింగ్.

గుర్తింపు పత్రంగా అసలు పాస్‌పోర్టే తీసుకెళ్లాలి. బెంగళూరో హైదరాబాదో వెళ్లి రాయవలసి వస్తే ముందురోజే చేరుకోండి. రాత్రి బస్సు దిగి నిద్రకళ్లతో స్పీకింగ్‌కు కూర్చోవద్దు.

ఫలితం రెండేళ్లు చెల్లుతుంది. ఒక్క రైటింగ్‌లోనో స్పీకింగ్‌లోనో అర బ్యాండ్ తగ్గితే మొత్తం మళ్లీ రాయనక్కరలేదు. కంప్యూటర్ మీద రాసినవారు ఆ ఒక్క విభాగాన్నే 60 రోజుల లోపల తిరిగి రాసే వీలుంది, దాన్ని వన్ స్కిల్ రీటేక్ అంటారు. అయితే అన్ని సంస్థలూ ఆ ఫలితాన్ని అంగీకరించవు. కాబట్టి ఫీజు కట్టే ముందు మీరు దరఖాస్తు చేసిన విశ్వవిద్యాలయానికి ఈమెయిలు రాసి, వారి జవాబు వచ్చాకే తేదీ ఎంచుకోండి.